దడి దాటు కోడి – దాని పూర్వకథ

కోడి ఎగురలేని పక్షియని మనలో చాలమంది తలంపు. పక్షులను గూర్చి పాఠము చెప్పునపుడు ఉష్ట్రపక్షిని, పెంగ్విన్‌ను, కోడిని ఒకే వరుసలో చేర్చి "ఇవి ఎగురని పక్షులు" అని చెప్పుట కూడ కలదు. కాని పెరట్లో పది కోళ్ళను పెంచుకొను ఇల్లాలు ఈ మాట నొప్పుకొనదు. ప్రొద్దున దడి లోపల విడిచిన పెట్ట మధ్యాహ్నమునకు పొరుగువారి కొత్తిమీర మడిని కాళ్ళతో గీరుచుండును. మునిమాపు వేళకు వేపకొమ్మ పైకెక్కి, ఎంత పిలిచినను దిగిరాదు. పొరుగింటివారితో మాటపట్టింపు ఒకవైపు, రాత్రివేళ అడవిపిల్లి భయము మరొకవైపు. చూచుటకు చిన్న విషయమే. అయినను ఇంటి ఖర్చులకు గ్రుడ్లమీద, పిల్లలమీద వచ్చు నాలుగు రూపాయలు ఆ పెట్టనే నమ్ముకొనియున్న కుటుంబమునకు ఇది చిన్నది కాదు.

కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోవు దారిలో పల్లె వెంట పల్లె ఈ సమస్యకు తనకు తోచిన జవాబు చెప్పుకొన్నది. ఒక ఇంట వెదురుగంపను బోర్లించి పిల్లలతో సహా తల్లిని మూయుదురు. ఒక ఇంట కట్టెల దడి. ఒక ఇంట మట్టిగోడపై తుమ్మకంప. క్రొత్తగా కట్టిన ఇంట ఇనుపతీగెల జాలీ. ఇవన్నియు మన కంటికి ఉత్త కంచెలే. కాని ఒక్కొక్కదాని వెనుక కోడికిని మనిషికిని నడుమ వేల ఏండ్లుగ సాగిన ఒక ఒప్పందపు చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసిన గాని దడి ఎంత ఎత్తు కట్టవలెనో, అసలు ఎత్తుతో పని యున్నదో లేదో తేలదు.

అడవిలోని పూర్వీకుడు

ఇంటికోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి. దీని శాస్త్రీయ నామము గాలస్ గాలస్. హిమాలయపు దిగువ కొండలు మొదలుకొని బర్మా, థాయిలాండు, దక్షిణ చైనా, ఇండోనీషియా దీవుల వరకు ఇది వ్యాపించియున్నది. మన దేశమున ఉత్తర భాగమునందును, తూర్పు భాగమునందును గల అడవులలో, ముఖ్యముగ సాలవృక్షములున్న చోట్ల, దక్షిణమున దాదాపు గోదావరి వరకు ఇది కనబడును. అటు తరువాత దీని స్థానమును బూడిదరంగు అడవికోడి ఆక్రమించును. గాలస్ సొన్నెరటి అను ఈ జాతి భారత ద్వీపకల్పమున తప్ప లోకములో మరెక్కడను సహజముగ లేదు. గోదావరికి దక్షిణమున నున్న మన మంజీర లోయ ఈ రెండు జాతుల పొలిమేరకు చేరువలో నున్నదన్న మాట.

ఎర్ర అడవికోడి దినచర్యను కొంచెము గమనింపుడు. పగలంతయు అది నేలమీదనే గడుపును. రాలిన ఆకులను కాళ్ళతో తిరగదోడి గింజలను, చెదలను, పురుగులను ఏరుకొని తినును. గ్రుడ్లు పెట్టుట కూడ నేలమీదనే. అపాయము కనబడిన మొదట పరుగెత్తి పొదలో దూరును. పొద అందని దూరమున నున్నప్పుడే రెక్కలు పనిచేయును. అప్పుడది ఏటవాలుగ కాదు, దాదాపు నిట్టనిలువుగ పెద్ద చప్పుడుతో లేచి, కొద్ది దూరము పోయి, మరల దిగిపోవును. సూర్యాస్తమయ సమయమున మాత్రము నియమము తప్పక చెట్టుకొమ్మకో, వెదురుపొదకో ఎగిరి అక్కడ రాత్రి గడుపును. కోడికి చీకటిలో చూపు చాల తక్కువ. నేలమీద చీకటి పడినచో పిల్లికిని, నక్కకును అది ఆహారమగును. కావున చీకటి పడకముందే పైకి చేరుట దానికి ప్రాణరక్షణ.

ఈ వర్ణనలో మన సమస్య అంతయు ఇమిడియున్నది. అడవికోడి రెక్కలు ప్రయాణమునకు ఏర్పడినవి కావు. రెండే పనులకు ఏర్పడినవి: భయపడినపుడు పైకి లేచుట, సాయంకాలము కొమ్మ నెక్కుట. ఇంటికోడి దడి దాటుటకు కారణములు కూడ తరచు ఈ రెండే. మూడవ కారణమొకటి తరువాత చేరినది, అది గింజ.

రొమ్ముముక్క చెప్పు రహస్యము

కోడికూర వండిన ప్రతివారికిని తెలిసిన విషయ మొకటి కలదు. రొమ్ముభాగపు మాంసము తెల్లగ నుండును. తొడ, కాలు భాగములు ఎరుపుగ నుండును. పావురము రొమ్ము అట్లుగాక ముదురు ఎరుపు. ఈ భేదము ఉత్త రంగుభేదము కాదు.

కండరములకు ఎరుపు నిచ్చునది మయోగ్లోబిన్ అను పదార్థము. ఇది ప్రాణవాయువును నిలువచేసి కండరమునకు అందించును. ఎర్రని కండరము నిలకడగ, గంటల తరబడి పనిచేయగలదు. పావురము ఎగురునది అట్టి కండరముతోనే; కోడి దినమంతయు నడచునది అట్టి కండరముతోనే. తెల్లని కండరములో మయోగ్లోబిన్ తక్కువ. అది తనలో నిలువచేసికొన్న గ్లైకోజన్‌ను ప్రాణవాయువు కొరకు ఎదురుచూడక ఒక్కసారిగ ఖర్చు చేసి గొప్ప శక్తిని పుట్టించును. కాని కొద్ది క్షణములలోనే లాక్టిక్ ఆమ్లము చేరి అలసిపోవును. టపాసు వెలుగునకును దీపపు వెలుగునకును గల భేద మిది. కోడి రొమ్ము టపాసు వంటిది. అందువలననే అది ఆరడుగుల దడిని దాటగలదు కాని ఊరి చెరువును దాటలేదు.

ఇక రెండవ విషయము బరువు. పక్షిని గాలిలో నిలుపునది రెక్కల వైశాల్యము. ఒక పక్షి ఆకారము మారక పొడవు, వెడల్పు, ఎత్తు రెండింతలైనదనుకొందము. రెక్కల వైశాల్యము నాలుగింతలగును. శరీరపు బరువు ఎనిమిదింతలగును. అనగా రెక్కలో ప్రతి అంగుళము మునుపటికన్న రెండింతల బరువు మోయవలసి వచ్చును. కావున బరువు పెరిగినకొలది లేచుట కష్టమగును. అడవికోడి పుంజు సుమారు 1 కిలో తూగును. పెట్ట అంతకు తక్కువ. మన నాటుపెట్ట దానికి కొంచెమే ఎక్కువ. కనుక అది పూర్వీకుల విద్యను మరువలేదు. అందునను తల్లిపెట్ట కన్న నాలుగైదు నెలల పడుచుపెట్ట తేలిక. దడి దాటువారిలో మొదటిది సాధారణముగ అదే.

గింజ పిలిచిన పక్షి

ఈ పక్షి మన ఇంటికి ఎట్లు వచ్చెను? 1868లో చార్లెస్ డార్విన్ పెంపుడు జంతువులలోను మొక్కలలోను కలుగు మార్పులను గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ వస్తుశాలకు అధికారిగ పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ పంపిన సమాచారమును కూడ ఆధారముగ గైకొని, ఇంటికోళ్ళన్నియు ఎర్ర అడవికోడి సంతతియే యని ఆయన వాదించెను. అంతేకాదు, అడవికోడి ఎముకలను ఇంటికోళ్ళ ఎముకలతో తూచి, కొలిచి చూచెను. కాలి ఎముకలతో పోల్చగా రెక్కల ఎముకలు పలు ఇంటిజాతులలో కొంత తగ్గినవనియు, ఎగురు కండరములు అంటుకొని యుండు రొమ్ము ఎముక గట్టు కూడ తగ్గినదనియు వ్రాసెను. దడి వెనుక గడచిన తరములు ఎముకపై వ్రాసిన లెక్క యది.

డార్విన్ మాట మూలమున నిలిచినది, కాని నేడు దానికి ఒక సవరణ చేరినది. కొన్ని కోళ్ళకు కాళ్ళు, చర్మము పసుపుగ నుండును గదా! ఆ పసుపునకు కారణమైన జన్యురూపము ఎర్ర అడవికోడిది కాదనియు, మన ద్వీపకల్పపు బూడిదరంగు అడవికోడి నుండి వచ్చినదనియు 2008లో తేలినది. పసుపు కాళ్ళ కోడి ఏ దేశమున తిరుగుచున్నను దాని నెత్తురులో దక్షిణ భారతపు అడవి కొంత యున్నదన్న మాట.

కోడిని మొట్టమొదట మచ్చిక చేసినది సింధులోయ ప్రజలేయని చాలకాలము పుస్తకములలో వ్రాయుచుండిరి. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 863 పక్షుల జన్యుసంపుటములను పోల్చిచూచిరి. ఇంటికోడికి మిక్కిలి దగ్గర చుట్టము నైరుతి చైనా, ఉత్తర థాయిలాండు, బర్మా ప్రాంతముల ఎర్ర అడవికోడి ఉపజాతియని అందులో తేలినది. 2022లో ప్రాచీన ఎముకలను మరల పరిశీలించిన పండితులు, సందేహము లేని తొలి ఇంటికోడి ఎముకలు మధ్య థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అను చోట దొరికినవనియు, వాటి కాలము క్రీ.పూ. 1650–1250 నడుమదనియు నిర్ణయించిరి. వారు చెప్పిన మరియొక మాట మనకు ముఖ్యము. కోడి కనబడిన కాలమును, ఆ సీమలో మెట్టవరియు చిరుధాన్యములును సాగుకు వచ్చిన కాలమును కలియుచున్నవి. అడవి నరికి గింజ చల్లిన చోటికి అడవికోడి తానే దిగివచ్చినది. మనిషి దానిని వలవేసి పట్టుకొనుటకు ముందే అతని కళ్ళము దానిని పిలిచినది.

ఎల్లారెడ్డి పొలములలో ఈ కథ నేటికిని ప్రతి పంటకాలమునను జరుగుచునే యున్నది. మంజీర ఉపనది యైన ఆలేరుపై 1916 – 1922 నడుమ కట్టిన పోచారము ఆనకట్ట నీరు ఈ ప్రాంతపు మళ్ళకు పారును. వరి కోసి కల్లము చేసిన నాడు, మక్కలు ఆరబోసిన నాడు, దడి లోపలి కోడికి దడి వెలుపలి గింజ కనబడును. అప్పుడు దానిని ఆపుట కష్టము. ఆకలిగొన్న కోడికి దడి యెంత ఎత్తైనను తక్కువే; కడుపు నిండిన కోడికి తక్కువ దడియు చాలును.

గ్రామకుక్కుటము

ఊరికోడి వేరు, అడవికోడి వేరు అను భేదము మనవారికి ప్రాచీన కాలము నుండియు తెలియును. మనుస్మృతిలో గ్రామకుక్కుటమును తినరాదని ప్రత్యేకముగ చెప్పబడియున్నది. డార్విన్ కూడ ఈ విషయమును తన గ్రంథమున ప్రస్తావించెను. ఒకే పక్షికి ఊరిపేరు ఒకటి, అడవిపేరు ఒకటి ఏర్పడెననగా, అప్పటికే దానికొక ఇల్లు, ఆ ఇంటికొక హద్దు ఏర్పడెనని గ్రహింపవచ్చును.

హద్దు ఏర్పడిన చోట దానిని దాటకుండ చేయు ఉపాయములును పుట్టినవి. రోమునగరమున వార్రో అను పండితుడు క్రీ.పూ. 37 ప్రాంతమున వ్యవసాయమును గూర్చి వ్రాసిన గ్రంథములో, కోళ్ళను బలియించుటకై మూసిపెట్టునపుడు వాటి రెక్కల ఈకలను, తోక ఈకలను పీకవలెనని చెప్పెను. రెక్కపై చేయివేయుట రెండువేల ఏండ్ల క్రిందటి నుండియు నున్న పద్ధతియే. పీకుట కన్న కత్తిరించుట మేలని తరువాతివారు తెలిసికొనిరి. దానిని గూర్చి ముందు చెప్పుదును.

బరువు మోసిన జాతులు

మనిషి రెక్కను తాకక కూడ కోడిని నేలకు దించెను. అది ఎట్లన, బరువు పెంచి.

మన దేశమున దీనికి గొప్ప ఉదాహరణము అసీలు. ఈ మాటకు అరబ్బీలో మేలిజాతి, స్వచ్ఛమైనది అని అర్థము. పందెములకొరకు తరతరములుగ ఏరి పెంచిన జాతి యిది. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రములు దీని స్వస్థానములు. ఓరుగల్లు వీధులను వర్ణించు క్రీడాభిరామములో కోడిపందెము చోటుచేసికొన్నది. పల్నాటి వీరుల కథలో రాజ్యమే పందెములో పోయినది. అంతటి పురాతన అభిరుచి మనది. పొడవైన మెడ, బలమైన కాళ్ళు, బిగువైన కండ గల మేలైన అసీలు పుంజు 4 కిలోలు దాటి తూగును. అది ఎగిరి తన్నును గాని, ఎగిరి గోడ దాటుట నాటుపెట్టవలె దానికి సులువు కాదు.

చైనాలో మరొక తీరు. అక్కడ మాంసముకొరకు పెద్ద శరీరము, ఒత్తైన ఈకలు గల జాతులను పెంచిరి. 1840వ దశకమున ఇవి ఇంగ్లండు చేరినవి. విక్టోరియా రాణికి కూడ కానుకగ అందినవి. ప్రజలు విరగబడి కొనిరి. వాటికి కొచ్చిన్ అని పేరు పెట్టిరి. కాని మన కొచ్చిన్‌తో వాటికి సంబంధము లేదు. అట్లే బ్రహ్మపుత్ర పేర బ్రహ్మా అను జాతి అమెరికాలో ప్రసిద్ధి కెక్కినది. దాని మూలమును చైనా కోళ్ళలోనే యున్నది. ఈ బరువు జాతులు మోకాలెత్తు కంచె లోపలనే నెమ్మదిగ తిరుగును. దీనికి వ్యతిరేకము ఇటలీలోని లివోర్నో రేవు పేర వచ్చిన లెగ్‌హార్న్. తేలిక శరీరము, పెద్ద రెక్క, బెదరు స్వభావము గల ఈ తెల్లకోడి మనిషి ఎత్తు కంచెను కూడ దాటగలదు. నేడు లోకమున తెల్ల గ్రుడ్లు పెట్టు కోళ్ళలో ఎక్కువ భాగము దీని సంతతియే.

అదే దశకమున, అనగా 1844లో, నార్విచ్ నగరమున చార్లెస్ బార్నార్డ్ ఒక యంత్రము చేసెను. బట్ట నేయు మగ్గము పద్ధతిని చూచి, ఇనుపతీగెను ఆరుకోణముల కన్నులుగల వలగ అల్లు యంత్రమది. అంతకుముందు కోడిని ఆపవలెనన్న గోడయో, దడియో, కంపయో కావలెను. వానికి గాలి తక్కువ, లేదా సందు లెక్కువ. తీగెవలతో ఎత్తైనది, తేలికైనది, గాలి వెలుతురు చొరనిచ్చునది యగు కంచె తక్కువ ఖర్చులో సాధ్యమైనది. నేడు కామారెడ్డి బజారులో గజముల లెక్కన అమ్ము కోళ్ళజాలీ ఆ వంశములోనిదే.

ఎగురు కండ పెరిగి ఎగురుట పోయినది

ఇరువదవ శతాబ్దమున జరిగిన మార్పు అన్నిటికన్న వింతయైనది. అమెరికాలో మాంసపు కోడిని మెరుగుపరచుటకై "రేపటి కోడి" అను పేర పోటీలు పెట్టిరి. 1948లో దాని జాతీయస్థాయి తుదిపోటీ జరిగినది. వెడల్పైన రొమ్ము గల కోడియే వారికి కావలసినది. తరువాతి ఎంపికలన్నియు ఆ దారినే నడచినవి. నేటి బ్రాయిలర్ పిల్ల ఆరు వారములలోనే 2 కిలోలు దాటును.

రొమ్ముకండ యనగా ఎగురు కండయే గదా! ఆ లెక్కన బ్రాయిలర్ అన్ని కోళ్ళకన్న బాగుగ ఎగురవలెను. కాని అది అడుగెత్తు అడ్డమును కూడ దాటలేదు. కండ పెరిగినదే కాని రెక్క వైశాల్యము ఆ పాళ్ళలో పెరుగలేదు. ఎముక, గుండె, ఊపిరి దాని వేగము నందుకొనలేదు. ఇంజను పెద్దదై బండికి చక్రములు చాలని స్థితి యిది. షెడ్డులో పెంచు ఇట్టి కోడికి దడి సమస్య లేదు. పంజరములోని గ్రుడ్లకోడికిని లేదు. దడి సమస్య పూర్తిగ పెరటికోడిదే.

పెరటికోడికి తిరిగి విలువ నిచ్చిన ప్రయత్నము మన హైదరాబాదులోనే జరిగినది. రాజేంద్రనగరమున 1988లో ఏర్పడిన కేంద్రప్రభుత్వపు కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ అను జాతులను పల్లెల కొరకు రూపొందించినది. ఇవి నాటుకోడికన్న ఎక్కువ గ్రుడ్లు పెట్టును. రంగురంగుల ఈకలతో నాటుకోడివలెనే కనబడును. వనరాజకు శరీరపు బరువు మితముగ నుంచి, కాళ్ళు పొడవుగ నుండునట్లు చూచిరి. ఏలయన పెరట్లో తిరుగు కోడి శత్రువునుండి తప్పించుకొనగలిగి యుండవలెను. లోకమంతయు కోడికి బరువు పెంచి రెక్కను, కాలిని మరచిపోయిన కాలమున, పెరటికోడికి తప్పించుకొను శక్తి కావలెనని మరల గుర్తించుట గమనింపదగినది.

రెక్క కత్తిరించుటలో మేలు, కీడు

ఇప్పుడు రెక్క విషయమునకు వత్తము. కోడి రెక్కను విప్పి చూచినచో చివర పది పెద్ద ఈకలు కనబడును. వీనిని ప్రాథమిక ఈకలు అందురు. గాలిని క్రిందికిని వెనుకకును నెట్టి పక్షిని ముందుకు నడిపించునవి ఇవి. వీని లోపలివైపున శరీరమునకు దగ్గరగ నుండునవి ద్వితీయ ఈకలు. పక్షిని పైకెత్తి పట్టుటలో ఎక్కువ సాయపడునవి అవి. రెక్క ముడిచినపుడు ప్రాథమిక ఈకలు ద్వితీయ ఈకల క్రింద దాగిపోవును.

ఒక్క రెక్కలోని ప్రాథమిక ఈకలను, వాని మొదళ్ళను కప్పు చిన్న ఈకల అంచువరకు కత్తెరతో కత్తిరించిన చాలును. రెండు రెక్కలును కత్తిరించినచో పక్షి బలము సమముగ తగ్గును గాని తూకము చెడదు. తేలిక పెట్ట అప్పటికిని కొంత ఎత్తు లేవగలదు. ఒక్క రెక్కనే కత్తిరించినచో ఒకవైపు త్రోపు తగ్గి, లేవబోయిన పక్షి ప్రక్కకు తిరిగిపోవును. రెండు మూడు మారులు ప్రయత్నించి మానుకొనును.

పెరిగి ముదిరిన ఈక మన గోరు, వెండ్రుక వంటి నిర్జీవ పదార్థము. దానిని కత్తిరించిన నొప్పి లేదు. కాని క్రొత్తగ మొలచుచున్న ఈక కాడలో నెత్తురు పారుచుండును. అట్టి కాడ ముదురు రంగుతో, లావుగ కనబడును. దానిని కోసినచో నొప్పియు, నెత్తురు కారుటయు తప్పదు. కావున వెలుతురులో రెక్క విప్పి, కాడలు తెల్లగ నున్నవో లేదో చూచియే కత్తెర పెట్టవలెను. ఏడాది కొకమారు కోడి ఈకలు రాల్చి క్రొత్తవి తొడుగును. అప్పుడు ఎగురుటయు తిరిగి వచ్చును. రెక్క చివరి ఎముకను కోసివేయు పద్ధతి యొకటి కొన్నిచోట్ల నుండెడిది. అది శాశ్వతమైన అంగవైకల్యము. ఇంటిపెంపకములో దానికి చోటులేదు.

ఇక కీడు. రెక్క కత్తిరించిన కోడికి పూర్వీకులిచ్చిన రక్షణ పోవును. అడవిపిల్లి, ముంగిస, ఊరకుక్క దడిలో దూరిననాడు రెక్కగల కోడి గోడపైకి లేచును. రెక్కలేనిది మూల నక్కును. పోచారము అడవి ఒకప్పుడు నిజాము వేటప్రదేశము. 1952లో వన్యప్రాణి రక్షణస్థలమైనది. అట్టి అడవుల అంచున నున్న పల్లెలలో ఈ మాట మరింత ఆలోచింపదగినది. రెక్క కత్తిరించినవారు ఆ రెక్క చేసిన పనిని తమ తలపై వేసికొన్నారని గుర్తుంచుకొనవలెను. సందులేని దడి, మూతగల గూడు, పొద్దుగూకక ముందే లెక్కపెట్టి మూయుట – ఇవి లేనిచో కత్తెర పట్టరాదు.

దడి కట్టువారికి

పై చరిత్ర నుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి.

మొదటిది: కోడి ఎత్తును కాదు, వ్రాలు చోటును చూచును. సామాన్యముగ అది ఒక్క ఎగురుతో దడి అవతల పడదు. దడి పైఅంచున వ్రాలి, అటునుండి దిగును. పైన కట్టెబద్ద, ఇటుకవరుస ఉన్నచో అది కొమ్మవలె పిలుచును. జాలీ పైఅంచును బద్దలేక వదులుగ విడిచినను, మట్టిగోడపై తుమ్మకంప పరచినను కోడికి కాలు మోపు చోటు కనబడదు. మన పెద్దలు పశువులకు, దొంగలకు వేసిన కంప కోడికిని పనిచేయుట ఇందువలననే.

రెండవది: దడి ఎత్తును నేలనుండి కాక, దడిప్రక్కనున్న కుప్పనుండి కొలువవలెను. 2003లో కెన్నెత్ డయల్ అను అమెరికా శాస్త్రవేత్త కోడికి చుట్టమైన చుకార్ కౌజుపై ప్రయోగములు చేసి, సరిగ ఎగురలేని పిల్లలు సైతము రెక్కలాడించుచు నిట్రమైన వాలును పరుగుతో ఎక్కగలవని చూపెను. రెక్క విసరు గాలి పాదములను వాలునకు అదిమిపట్టును. గడ్డివాము, కట్టెలమోపు, నిలిపిన బండి దడికి ఆనుకొనియున్నచో ఆరడుగుల దడి రెండడుగులే యగును.

మూడవది: సాయంకాలపు కోరికను లోపలనే తీర్చవలెను. గూటిలో నేలకు రెండు మూడడుగుల ఎత్తున గుండ్రని అంచులు గల దుంగనో వెదురునో అడ్డముగ కట్టినచో కోడికి వేపకొమ్మతో పని యుండదు. క్రొత్తగ తెచ్చిన కోళ్ళను వారము పది దినములు గూటిలోనే ఉంచి మేపినచో ఆ చోటును ఇల్లుగ గుర్తించును. పొద్దువాలునపుడు పిలిచి గుప్పెడు నూకలు వేయు అలవాటు ఏ జాలీకన్నను తక్కువ ఖర్చైన కంచె.

నాలుగవది: తేలిక నాటుపెట్టలకు ఆరడుగులు, ఆపైన కప్పువల మేలు. బరువు జాతులకు మూడు నాలుగడుగులు చాలును. కప్పువల గద్దను కూడ ఆపును. చెరువుల దగ్గరి పల్లెలకు మరియొక లాభమున్నది. పక్షుల జ్వరము మన దేశమున మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడినది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లోని ఉభయ గోదావరి జిల్లాలలో ఫారము కోళ్ళను బలిగొన్నది. ఈ వ్యాధిని నీటిపక్షులు మోయగలవు. పోచారము, నిజాంసాగరములకు చలికాలమున వలసపక్షులు వచ్చును. వ్యాధి వినబడిన దినములలో కోళ్ళను చెరువుగట్టుకు పోనీయక దడిలో నిలుపుట ఊరంతటికిని మేలు.

దడి దాటిన కోడిపై కోపగించుకొనుట సహజమే. కాని అది చేసినది తప్పుకాదు. దాని పూర్వీకులు ప్రతి సాయంకాలమున చేసిన పనియే. గింజ చూపి మనము దానిని క్రిందికి పిలిచితిమి. కొన్నిటికి బరువు పెంచి రెక్కను మరపించితిమి. కాని నాటుపెట్ట ఇంకను ఆ రెక్కను దాచుకొన్నది. దానిని నిలుపదలచినవారు ముందుగ కడుపునకు గింజ, కాలికి కొమ్మ, రాత్రికి తలుపు ఏర్పరుపవలెను. ఈ మూడును అమరినచో ఆ పెట్టకు దడి దాటు పని చాలవరకు తప్పిపోవును.